విద్యార్జనము – సత్యనిష్ఠ

విద్యాధనము దొంగలపాలు కానిదనియు, పంచిపెట్టిన కొలది వృద్ధినొందునదనియు మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. దొంగిలింప వీలులేని ఆ ధనమును దొంగతనముననే సంపాదింపవలెనని యత్నించుట నేటి విద్యాలయములలో కనుపించుచున్న ఒక విపరీతము. పరీక్షలో చూచివ్రాయుట, ఒకరికి బదులు మరియొకరు వ్రాయుట, పరుల రచనను తనదిగా చూపుట, ప్రశ్నపత్రమును ముందుగా కొనుట – ఇవి యన్నియు ఆ విపరీతమునకు భిన్నరూపములే. ఇది చట్టమునకును క్రమశిక్షణకును సంబంధించిన విషయము గదా, భక్తులకు దీనితో పనియేమి యని కొందరనవచ్చును. కాని సత్యము భగవత్స్వరూపమని నమ్మినవారి యిండ్లనుండియే బిడ్డలు కళాశాలలకు వెళ్లుచున్నారు. పరీక్షకు ముందు స్వామి పాదములకడ హాల్‌టికెట్టు నుంచి నమస్కరించి వెళ్లువారును వారే. కావున ఈ ప్రశ్న మన పూజామందిరమునకు వెలుపలిది కాదు.

పూర్వము చూచివ్రాత యనగా చొక్కా మడతలో దాచిన చీటీయో, ప్రక్క బల్లమీది కాగితమో. నేడు దానికి రూపములు పెరిగినవి. ప్రయోగశాలలో తాను చేయని ప్రయోగమునకు స్నేహితుని రికార్డునుండి కొలతలు దింపుకొనుట, ఇంజనీరింగు చివరి సంవత్సరపు ప్రాజెక్టును హైదరాబాదు అమీర్‌పేటలో సిద్ధముగా నున్నదానిని కొనితెచ్చుట, కృత్రిమమేధతో పనిచేయు యంత్రము నడిగి అది కూర్చియిచ్చిన వ్యాసమును తాను ఒక్కమారైనను చదువకయే సమర్పించుట – ఇవి నేటి పద్ధతులు. సాధనములు మారినవి గాని లోపలి బుద్ధి మారలేదు. తాను చేయని పనికి ఫలమును తాననుభవింపవలెనను కోరికయే దీనికంతటికి మూలము.

2022లో గుంటూరు జిల్లానుండి వేరుపడిన పల్నాడు జిల్లాలో అచ్చంపేట మండలమును ఒకమారు తలచుకొందము. కృష్ణవేణి చెంతనున్న ఈ సీమలో మిరప, ప్రత్తి పండించి, ఆ రాబడితో బిడ్డలను చదివించుకొను కుటుంబములు పెక్కు గలవు. పై చదువులకై పిల్లలు సత్తెనపల్లికో, నరసరావుపేటకో, గుంటూరుకో పోవుదురు. ఈ ప్రాంతపు కళాశాలలకు పెద్దదిక్కయిన విశ్వవిద్యాలయము 1976లో నెలకొల్పబడి ఆచార్య నాగార్జునుని పేరు వహించియున్నది. ఆ పేరును తలపించు నాగార్జునకొండ ఈ పల్నాటిలోనిదే. ఇక్ష్వాకు రాజుల కాలమున అచ్చటి విహారములకు సింహళముతో సంబంధ ముండెడిదని శాసనములు చెప్పుచున్నవి. జ్ఞానము నిమిత్తము సముద్రము దాటి జనులు వచ్చిన నేల యిది. అట్టి నేలలో ఒక రైతు మిరపకోతల సొమ్ము తెచ్చి కుమారుని చదువునకు రుసుము కట్టినాడనుకొందము. కుమారుని జవాబుపత్రములో ఏమున్నదో ఆ తండ్రికి తెలియదు, తెలిసికొనజాలడు. ఆయనకు గలది నమ్మకమొక్కటే. చూచివ్రాసిన బాలుడు మొదట వమ్ముచేసినది ఆ నమ్మకమును.

విద్యార్థి ఇట్లు వాదింపవచ్చును: “నేనెవరి సొమ్మును అపహరించితిని? కాగితము మీది నాలుగు అక్షరములను మరొక కాగితము మీదికి ఎక్కించితిని. ఆ వ్రాసినవానికి ఒక మార్కైనను తగ్గలేదు గదా!” ఈ వాదము పైకి సమంజసముగనే తోచును. కాని ఇందు నష్టపోవువారు ముగ్గురు గలరు. మొదటివాడు రాత్రులు మేల్కొని చదివి, న్యాయముగ వ్రాసి, వెనుకబడిన తోటి విద్యార్థి. రెండవవారు పట్టమును నమ్మి రేపు తమ ప్రాణములను, ఇండ్లను, వంతెనలను, లెక్కలను ఈతని చేతిలో పెట్టబోవు ప్రజలు. మూడవవాడు ఆ విద్యార్థియే. అతనికి పట్టము చిక్కినది, విద్య చిక్కలేదు. పైగా తనకు రాదన్న సంగతి తనకు తెలియుటచే, జీవితమంతయు బయటపడుదునేమో యను భయముతో బ్రతుకవలసి వచ్చును. సత్యము చెప్పువానికి జ్ఞాపకముంచుకొనవలసిన దేమియు లేదు. అసత్యమున కెక్కినవాడు దిగుటకు చోటు వెదకుకొనుచునే యుండవలెను.

కష్టపడక విద్య నార్జింపవలెనను కోరిక ఈ కాలమున పుట్టినది కాదు. భారతము వనపర్వమున లోమశ మహర్షి ధర్మరాజునకు చెప్పిన యవక్రీతుని కథ ఇందుకు తార్కాణము. భరద్వాజుని కుమారుడైన యవక్రీతుడు, రైభ్యుని కుమారులు పండితులై పూజలందుకొనుట చూచి అసూయ చెందెను. గురువు నాశ్రయించి చదువుటకు చాలకాలము పట్టునని తలచి, అధ్యయనము లేకయే వేదములు తనకు భాసింపవలెనని ఘోరతపస్సునకు పూనుకొనెను. ఇది మార్గము కాదు, గురుముఖమున నేర్చుకొనుమని ఇంద్రుడు హితవు చెప్పినను వినలేదు. అంతట ఇంద్రుడు ముసలి బ్రాహ్మణుని వేషమున గంగాతీరమున గూర్చుండి, పిడికెడు పిడికెడు ఇసుకను ప్రవాహములో వేయసాగెను. ఏమి చేయుచున్నావని యవక్రీతుడు నవ్వుచు అడుగగా, గంగకు వారధి కట్టుచున్నాననెను. ఇసుకతో వారధి నిలుచునా యని అతడు పరిహసించెను. అధ్యయనము లేని వేదవిద్య ఎట్లు నిలుచునో ఇదియు నట్లే నిలుచునని ఆ వృద్ధుడు బదులు చెప్పెను.

యవక్రీతుడు పట్టు విడువక వరమును పొందెను. కథ అచ్చటితో ముగియలేదు. చదువు వచ్చినది గాని, చదువుకొను కాలమున గురుసన్నిధిలో కలుగవలసిన వినయము రాలేదు. గర్వాంధుడై రైభ్యుని కోడలియెడ అపచారము చేసి, ఆ ముని కోపమునకు గురియై మరణించెను. అనంతరము రైభ్యపుత్రుడైన అర్వావసుని పుణ్యమున మరల బ్రతికి, వేదములెరిగిన నన్ను రైభ్యుడెట్లు జయింపగలిగెనని దేవతల నడిగెను. రైభ్యుడు గురువులను సేవించి, చిరకాలము శ్రమపడి నేర్చినాడు, నీవట్లు నేర్వలేదని వారు సమాధానమిచ్చిరి. ఇచట గమనింపవలసిన విశేషమొకటి గలదు. యవక్రీతుడు దొంగతనము చేయలేదు, తపస్సు చేసి వరము పొందినాడు. అట్లు పొందిన విద్యయే అతనిని రక్షింపలేకపోయినది. ఇక చీటీలలో దాచి తెచ్చిన విద్య ఎవరిని రక్షించును?

కపటవిజయము ఒక వ్యక్తితో ఆగదనుటకు పల్నాటి వారికి పరదేశపు కథలు అక్కరలేదు. మాచర్ల చెన్నకేశవస్వామి భక్తుడై, సర్వజనులను ఒక పంక్తిని కూర్చుండబెట్టి చాపకూడు నడపిన బ్రహ్మనాయుని గాథ ప్రతి పల్లెయందును వినబడును. కోడిపోరులో నాగమ్మ పక్షము కపటోపాయముచే గెలిచినదనియు, పందెము ప్రకారము మాచర్లవారు ఏడేండ్లు వలసపోవలసి వచ్చినదనియు, తుదకు కార్యమపూడి రణరంగమున ఇరుపక్షముల వీరులును నేలకొరగిరనియు కథకులు చెప్పుదురు. గెలిచినవారికి మిగిలినదేమి? పోటీకి ఒక నియమముండును. ఆ నియమమునందు ఇరుపక్షములకును గల విశ్వాసము చెడినపుడు పోటీయే చెడును.

మన కాలమున జరిగిన సంఘటనలు ఈ సత్యమునే చాటుచున్నవి. 2016 జులైలో తెలంగాణలో వైద్యవిద్యా ప్రవేశమునకై జరిగిన రెండవ ఎంసెట్ ప్రశ్నపత్రము ముందే వెల్లడియైనదనియు, కొందరు విద్యార్థులను ఇతర నగరములకు గొనిపోయి దళారులు ప్రశ్నలను వల్లె వేయించిరనియు దర్యాప్తులో తేలినది. ఆ పరీక్ష రద్దయి, సెప్టెంబరులో మరల జరుపవలసి వచ్చినది. తప్పు చేసినవారు కొందరు, శిక్ష పొందినవారు వేలకొలది నిర్దోషులు. అటులే 2022 అక్టోబరులో జరిగిన తెలంగాణ గ్రూప్-1 ప్రాథమిక పరీక్షయు ప్రశ్నపత్రముల వెల్లడి కారణముగ 2023 మార్చిలో రద్దయినది. ఏండ్ల తరబడి అద్దెగదులలో చదివిన యువకుల శ్రమ ఒక్కనాటితో నిష్ఫలమైనది.

చట్టములు లేవని కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1997లోనే పరీక్షలలో అక్రమముల నివారణకు చట్టము చేయబడినది. 2024లో కేంద్రప్రభుత్వము తెచ్చిన చట్టము ఆ యేడు జూన్ 21 నుండి అమలులోనికి వచ్చినది. పన్నాగము పన్ని ప్రశ్నపత్రములను అమ్ముకొను ముఠాలకు పది సంవత్సరముల వరకు ఖైదు, కోటి రూపాయలకు తగ్గని జరిమానా అందు విధింపబడినవి. కాని ఆ చట్టము దృష్టి ముఖ్యముగా వర్తకులమీద, సహాయకులమీద నున్నది. పరీక్ష వ్రాయు విద్యార్థి సంగతిని పరీక్షాసంస్థల నియమములకే విడిచినది. ఇది యుక్తమే. అమ్మువానిని చట్టము పట్టుకొనగలదు. కొనవలెనను బుద్ధిని మాన్పవలసినవారు గురువులు, తల్లిదండ్రులు.

అయితే గురువులు ఆ పని చేయుచున్నారా? మహాత్మాగాంధీ తన ఆత్మకథలో వ్రాసిన చిన్ననాటి ముచ్చట యొకటి సుప్రసిద్ధము. రాజకోట పాఠశాలకు జైల్స్ అను తనిఖీ అధికారి వచ్చి, పిల్లలచే అయిదు ఆంగ్లపదములను వ్రాయించెను. గాంధీ ఒక పదమును తప్పుగా వ్రాసెను. ప్రక్కవాని పలక చూచి దిద్దుకొమ్మని ఉపాధ్యాయుడు కాలితో సైగచేసినను, చూచివ్రాయకుండ కాపాడుటకే ఉపాధ్యాయుడున్నాడని నమ్మిన ఆ బాలునికి ఆ సైగ అర్థము కాలేదు. ఈ కథలో సాధారణముగ మనము బాలుని నిజాయితీని మెచ్చుకొందుము. ఉపాధ్యాయుని సంగతియు ఆలోచింపవలెను. అతడు దుర్మార్గుడు కాడు. పాఠశాలకు చెడ్డపేరు రాకూడదని భయపడినాడు. ఉత్తీర్ణుల శాతమును గోడలకెక్కించి ప్రకటించుకొను సంస్థలలో ఈనాటి అధ్యాపకుని భయమును ఇట్టిదే. ఆ భయమున అతడు పరీక్షాగదిలో కిటికీవైపు తిరిగి నిలుచును. విద్యార్థి చీటీ తీయును. ఇరువురును చూడనట్లు నటించిన ఆ ముహూర్తముననే అసత్యమునకు గురూపదేశము జరిగినది.

తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో విద్య ముగించుకొని వెళ్లు శిష్యునకు ఆచార్యుడు చేయు ఉపదేశము గలదు. సత్యము పలుకుమని, ధర్మమాచరింపుమని చెప్పిన ఆ ఆచార్యుడే, మా నడవడిలో మంచిదైన దానినే అనుసరింపుము, ఇతరమును విడువుమని కూడ చెప్పును. శిష్యుడు తన మాటకంటె తన నడవడినే చదువునని ఆ మహనీయుడెరుగును. కావున సంస్థలు చేయవలసిన మొదటిపని, శాతములకై అధ్యాపకుని మెడపై కత్తి వ్రేలాడదీయుట మానుట.

రెండవది పరీక్షావిధానమును సంస్కరించుట. వేదపాఠశాలలో పరీక్షకుడు ఏ పనస నడిగినను విద్యార్థి యెదుట కూర్చుండి చెప్పవలెను. అచట చీటీకి తావేది? అదే ప్రశ్నను ఏటేట అడుగుచు, అదే జవాబును ముద్రించిన గైడ్లను సహించుచు, విద్యార్థి చూచివ్రాసినాడని కోపించుట న్యాయము కాదు. వ్యాసమును సమర్పించిన విద్యార్థిని పిలిచి, పది నిముషములు ఎదుట కూర్చుండబెట్టుకొని, ఇది ఎట్లు తోచినది, ఈ మాటకర్థమేమి యని అడిగినచో, అది అతడు వ్రాసినదో యంత్రము వ్రాసినదో తెలిసిపోవును. సంవత్సరాంతమున ఒకే పెద్ద పరీక్షతో సర్వమును తేల్చుటకంటె, నెలనెలకు చిన్నపరీక్షలు పెట్టి తప్పులను దిద్దుచు వచ్చినచో, చివరి దినపు భయము తగ్గును. భయము తగ్గినచోట మోసమును తగ్గును.

మూడవది, ఎరువు తెచ్చుకొన్న దానిని ఎరువు సొమ్మని చెప్పుకొను మర్యాదను నేర్పుట. 2018లో విశ్వవిద్యాలయ గ్రాంట్స్ కమిషన్ చేసిన నియమములలో, పరిశోధనవ్యాసమున పరుల రచనతో పోలిక పదిశాతము దాటినచో మరల వ్రాయవలెననియు, అరువదిశాతము మించినచో నమోదే రద్దగుననియు ఉన్నది. శాతముల లెక్క యంత్రము చెప్పును. మర్యాదను ఎవరు చెప్పవలెను? మన శ్రీవైష్ణవ సంప్రదాయమున ఒక దివ్యప్రబంధమును అనుసంధింపబోవుటకు ముందు, దానిని రచించిన మహనీయునికి తనియను చెప్పి నమస్కరింతుము. గురుపరంపరను స్మరింపక పాఠము మొదలుపెట్టము. పూర్వాచార్యుల వాక్కును తమ వాక్కుగా చూపవలెనని మన వ్యాఖ్యాతలు ఎన్నడును తలపలేదు. వారు చెప్పినదానిని వారి పేరనే చెప్పి, తమకు తోచినదానిని వినయముతో చేర్చిరి. పరిశోధకుడు తన వ్యాసమున మూలరచయితను పేర్కొనుట ఈ తనియను వంటిదే. పేరు దాచిన చౌర్యమగును, పేరు చెప్పిన కృతజ్ఞత యగును. అక్షరములు అవియే, భేదము హృదయములోనిది.

నాల్గవది ప్రమాణము. అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయమున 1842 నుండి, పరీక్షలో ఎవరి సహాయమును పొందలేదని విద్యార్థి తన గౌరవముపై ప్రమాణము చేసి సంతకముంచు పద్ధతి గలదు. ఇట్టి గౌరవనియమములు గల కళాశాలలలో మోసము తక్కువగ నున్నదని 1990 దశకమున డొనాల్డ్ మెక్‌కేబ్ అను పరిశోధకుని సర్వేలు తెలిపినవి. దీనిలోని కిటుకు సంతకములో లేదు. నిన్ను నమ్ముచున్నామని సంస్థ చెప్పుటలోను, ఆ నమ్మకమును నిలుపుకొనుటకు విద్యార్థులే పూనుకొనుటలోను ఉన్నది.

ఇచట ఒక సందేహము కలుగవచ్చును. చదువును దాచుకొనక పంచుట పుణ్యము గదా! భగవద్రామానుజులు పదునెనిమిది మారులు నడచి తిరుక్కోట్టియూరు నంబి వద్ద గ్రహించిన రహస్యార్థమును, గురువాజ్ఞను మీరి, ఆలయమునుండి అందరకును చాటలేదా? స్నేహితునకు జవాబు చూపుట అటువంటిదే కాదా? కాదు. రామానుజులు దానిని తాము కష్టించి సంపాదించిరి. బహిరంగముగ పంచిరి. గురువు కోపించినపుడు దాచక, నా కొక్కనికి నరకమైనను ఇందరికి మోక్షము చాలునని ఫలమును తామే శిరసావహించిరి. చీటీ అందించువాడు చాటుగ అందించును, పట్టుబడిన నేనెరుగననును. పైగా రామానుజుల మాట విన్నవారికి అర్థము లభించినది. చీటీ అందుకొన్నవానికి అర్థము లభింపదు, మార్కులే లభించును. స్నేహితునియందు నిజముగ దయగలవాడు పరీక్షకు ముందు నెలలో అతని ప్రక్క కూర్చుండి పాఠము చెప్పవచ్చును. అది రామానుజమార్గము.

పట్టుబడిన విద్యార్థిని ఏమి చేయవలెను? కొందరు పసివాడు పోనిమ్మందురు. కొందరు వాని బ్రతుకే పాడుచేసిన గాని ఇతరులకు బుద్ధిరాదందురు. ఈ రెంటికిని నడుమ నొక మార్గమును శ్రీమద్రామాయణము చూపుచున్నది. సీతమ్మయెడ మహాపచారము చేసిన కాకాసురుని బ్రహ్మాస్త్రము తరిమినది. మూడు లోకములు తిరిగియు రక్షకుడు దొరకక, అతడు శ్రీరాముని పాదములనే శరణుజొచ్చెను. వధార్హుడైనను స్వామి ప్రాణములు కాపాడెను. అస్త్రమును వ్యర్థము చేయలేదు, ఒక కన్ను గైకొనెను. అమ్మవారి పురుషకారమును మన పూర్వాచార్యులు ఈ కథలో దర్శించిరి. దయ గలదని శిక్షను విడువలేదు, శిక్ష గలదని దయను విడువలేదు. విద్యార్థియు ఆ పరీక్షను కోల్పోవలసినదే, మరల వ్రాయవలసినదే. నలుగురిలో వానిని అవమానించి, తిరిగివచ్చు దారిని మూసివేయు హక్కు మాత్రము గురువునకు లేదు. శిక్ష ముగిసిన పిమ్మట ఆ బాలుని పిలిచి, ఎక్కడ వెనుకబడితివని అడుగువాడే ఆచార్యుడు.

నిరీక్షకులు, తనిఖీదళములు, కెమేరాలు అవసరమే. కాని కన్ను మరలినపుడు చేయి చీటీకి పోకుండ చేయునది వేరొకటి. శ్రీవారిని పండ్రెండేండ్లు అర్చించిరని తిరుమల సంప్రదాయము చెప్పు వ్యాసరాయలవారు ఒకనాడు శిష్యులకు తలకొక అరటిపండునిచ్చి, ఎవ్వరును చూడనిచోట తినిరండని చెప్పిరట. అందరును తలుపుచాటునో చెట్టుచాటునో తిని వచ్చిరి. కనకదాసు ఒక్కడు పండును అట్లే తిరిగి తెచ్చి, స్వామి చూడనిచోటు తనకు దొరకలేదనెను. అంతర్యామిత్వమును పుస్తకములో చదివినవారు పెక్కుమంది, పరీక్షలో నెగ్గినవాడొక్కడు. ఈ దృష్టి కలిగిన బాలునికి నిరీక్షకుడు గదిలోనున్నను బయటకు పోయినను ఒక్కటే.

ఆ దృష్టి ఇంటిలో నాటవలసిన విత్తనము. బిడ్డ ఇంటికి రాగానే ఎన్ని మార్కులని అడుగుటకు ముందు ఏమి నేర్చితివని అడుగు తల్లి, తక్కువ మార్కులను నిజాయితీగ తెచ్చిన కుమారుని చులకన చేయని తండ్రి, వేయి ఉపన్యాసములకంటె ఎక్కువ మేలు చేయుదురు. మార్కులకై మ్రొక్కుట తప్పు కాదు. కాని స్వామి సన్నిధిలో హాల్‌టికెట్టు నుంచునపుడు, “రాని దానిని వచ్చినట్లు చూపు నేర్పు నాకు వలదు, వచ్చిన దానిని వణకక వ్రాయు ధైర్యము నిమ్ము” అని వేడుకొనుట నేర్పుదము. అట్టి ప్రార్థనకు ఫలితము జాబితాలో కనుపడినను కనుపడకున్నను, ఆ బిడ్డ తలయెత్తుకొని నడచును.

జ్ఞానస్వరూపుడైన శ్రీ హయగ్రీవుడు మన విద్యార్థులకు శ్రద్ధను, గురువులకు ధైర్యమును, తల్లిదండ్రులకు ఓర్పును అనుగ్రహించి, సత్యమార్గమున నడిపించుగాక!